మంత్రుల నడిగిన యొంటరి సభ్యురాలు

ప్రజాప్రభుత్వ మనగానే మనకు మొదట స్ఫురించునది ఎన్నిక. ఓటర్లు బారులు తీరి నిలుచుట, ఓట్ల లెక్కింపు, గెలిచినవారి యూరేగింపు, ఇవి యన్నియు బాలురకు సైతము తెలిసిన సంగతులే. కాని యెన్నిక కొన్నియేండ్ల కొకమారు వచ్చు పండుగ వంటిది. ఒక పండుగకును మరియొక పండుగకును నడుమ నుండు దినములు వందలకొలది గలవు. ఆ దినములలో పాలకులు చేయు పనులకు జవాబు చెప్పించువా రెవరు? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము. కేవలము సూత్రములు చెప్పి విడిచిన విషయము మనస్సునకు పట్టదు గావున, దక్షిణాఫ్రికా పార్లమెంటునందు పదుమూడేండ్ల కాలము తన పక్షమున నొక్కతెయే కూర్చుండి మంత్రులను ప్రశ్నించిన శ్రీమతి హెలెన్ సుజ్మన్ చరిత్రను ఉదాహరణముగా గైకొనుచున్నాము.

1. ప్రశ్నాధికారము

మంత్రి రాజు కాడు. అతడు ఖర్చుపెట్టు ధనము ప్రజలది. అతడు చెలాయించు అధికారము సభ యిచ్చినది. కాబట్టి సభ యడిగినప్పుడు లెక్క చెప్పుట అతని విధి. లెక్క యడుగుటకు సభ్యులకు అనేక సాధనములు గలవు. బడ్జెటుపై చర్చ యొకటి. వాయిదా తీర్మాన మొకటి. మంత్రివర్గమునే పడగొట్టగల అవిశ్వాస తీర్మాన మొకటి. వీని యన్నిటిలో మిక్కిలి చిన్నది ప్రశ్న. అవిశ్వాస తీర్మానము నెగ్గుటకు సభలో సగముకంటె నెక్కువమంది కావలెను. ప్రశ్న యడుగుట కొక్కరు చాలును.

మన లోకసభయందు సమావేశ దినములలో మొదటి గంట ప్రశ్నల కాలముగా నేర్పరుపబడినది. సభ్యుడు ముందుగా నోటీసు నియ్యవలెను. నక్షత్రపు గుర్తుగల ప్రశ్నకు మంత్రి లేచి నోటితో జవాబు చెప్పును. దానిపై అనుబంధ ప్రశ్నలు వేయవచ్చును. గుర్తులేని ప్రశ్నకు జవాబు వ్రాతమూలమున వచ్చును. ఈ పద్ధతి ఇంగ్లాండు పార్లమెంటునుండి పుట్టి, ఆ దేశపు పాలన నెరిగిన సీమలన్నిటికిని ప్రాకినది. దక్షిణాఫ్రికా వాటిలో నొకటి.

ఇంత చిన్న సాధనమునకు బలమెక్కడిది? మూడు కారణములు చెప్పవచ్చును. మొదటిది: మంత్రి చెప్పిన జవాబు సభా నివేదికలో అచ్చుపడి శాశ్వతముగా నిలుచును, తరువాత నే నట్లనలేదని తప్పించుకొనుటకు వీలులేదు. రెండవది: సభకు తెలిసి తెలిసి అబద్ధము చెప్పుట మంత్రికి గొప్ప అపరాధము. మూడవది: సభలో పలికిన మాటను పత్రికలు ప్రకటింపవచ్చును. ఇతరత్ర వ్రాసినచో శిక్షకు గురియగు సంగతియైనను, సభలో బయటపడినచో దేశమునకంతకు తెలియును.

ప్రశ్నయొక్క బలము మనవారికి క్రొత్తది కాదు. కురుసభలో ద్రౌపది చేసినది యుద్ధము కాదు, ప్రశ్న. తన్ను తానోడిన వానికి నన్ను పణముగా నొడ్డుటకు అధికార మెక్కడిదని యామె యడిగెను. భీష్ముడంతటివాడు ధర్మము సూక్ష్మమని తప్పుకొనెను. కౌరవులలోనే పుట్టిన వికర్ణు డొక్కడు లేచి యామె పక్షమున పలికెను. ఆ దినమున అతని మాట నెగ్గలేదు. కాని సభ యావత్తు మౌనము వహించినప్పుడు పలికిన యా యొక్కని పేరు భారతము చదువువారు నేటికిని మరువలేదు. బైబిలునందు నాతాను ప్రవక్త దావీదు రాజు నెదుట నిలిచి అతని పాపమును అతనికే చూపిన కథయు ఈ జాతిలోనిదే.

2. ఆ దేశము, ఆ సభ

దక్షిణాఫ్రికాలో 1948వ సంవత్సరపు ఎన్నికలలో నేషనల్ పార్టీ అధికారమునకు వచ్చెను. మనుష్యులను చర్మపు రంగునుబట్టి విభజించి, నివాసము, చదువు, ఉద్యోగము, వివాహము, సమస్తమును వేరుచేయుట ఆ ప్రభుత్వముయొక్క మూలసూత్రము. దీనికి వారు పెట్టిన పేరు అపార్ట్‌హైడ్. నల్లజాతివారు పాసుపుస్తకము చేతలేక పట్టణములో కనబడిరా, చెరసాలయే గతి. దేశములో నెక్కువమంది నల్లవారే యైనను, పార్లమెంటున కూర్చుండుట కర్హులు తెల్లవారు మాత్రమే.

ఆ దేశముతో మన తెలుగువారికిని సంబంధము గలదు. 1860వ సంవత్సరమున చెన్నపట్టణమునుండి ట్రూరో యను ఓడ కూలీలతో దర్బను రేవు చేరెను. అది మొదలు నేటాలు చెరకుతోటలకు పోయినవారిలో మన విశాఖపట్టణము, గోదావరి మొదలగు ప్రాంతములవారు పెక్కుమంది గలరు. వారి సంతతివారు 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించి భాషను నిలుపుకొనిరి. 1950వ సంవత్సరపు ప్రాంత విభజన శాసనముచేత ఇండ్లు, అంగళ్లు విడిచి పోవలసివచ్చిన వేలకొలది భారతీయ కుటుంబములలో వీరును ఉండిరి. తమ యింటిని తీసికొను శాసనమును చేయు సభలో వీరికి ఒక్క ఓటైనను లేదు.

మిషను పాఠశాలలో చదువు మనము తెలిసికొనదగిన సంగతి మరియొకటి గలదు. ఆ దేశమున నల్లజాతి బాలురకు విద్య చెప్పినవి చాలవరకు మిషను పాఠశాలలే. 1953లో చేసిన బంటు విద్యా శాసనము ఆ పాఠశాలలను ప్రభుత్వపు చేతులలో పెట్టెను. నల్లవానికి కాయకష్టమునకు చాలినంత చదువే చాలునను ఊహ ఆ శాసనమునకు వెనుక నుండెను. తరతరములుగా పండితులను, ఉపాధ్యాయులను తయారుచేసిన హీల్డ్‌టౌన్, లవ్‌డేల్ వంటి సంస్థలు మిషనులనుండి తప్పిపోయెను. నెల్సన్ మండేలా హీల్డ్‌టౌన్ విద్యార్థియే.

3. సభ్యురాలు

హెలెన్ 1917వ సంవత్సరము నవంబరు 7వ తేదీన జోహానెస్‌బర్గు సమీపమున జెర్మిస్టన్ పట్టణములో జన్మించెను. తలిదండ్రులు లిథువేనియానుండి వలసవచ్చిన యూదులు. తల్లి బిడ్డను కన్న కొలదికాలమునకే మరణించెను. బాలిక కాన్వెంటు పాఠశాలలో చదివి, విట్వాటర్స్‌రాండ్ విశ్వవిద్యాలయమున అర్థశాస్త్ర మభ్యసించెను. ఇరువదియేండ్లు నిండకముందే డాక్టరు మోసెస్ సుజ్మన్ అను వైద్యుని వివాహమాడెను. ఇద్దరు కుమార్తెలు గలిగిరి. 1945 మొదలు అదే విశ్వవిద్యాలయములో ఆర్థిక చరిత్ర బోధించెను. నల్లవారు పట్టణములలో బ్రదుకు పరిస్థితులను గూర్చి సాక్ష్యములు సేకరించు పనిలో ఆమెకు పాసుశాసనముల క్రౌర్యము తెలియవచ్చెను.

1953లో హౌటన్ నియోజకవర్గమునుండి ప్రతిపక్షమగు యునైటెడ్ పార్టీ పేరున ఆమె ఎన్నికయ్యెను. ఆ పక్షము పేరునకు ప్రతిపక్షమే గాని, జాతిభేదముల విషయమున తెగించి మాటలాడునది కాదు. 1959లో ఆమెయు మరికొందరును దానిని విడిచి ప్రోగ్రెసివ్ పార్టీని స్థాపించిరి. 1961 ఎన్నికలలో క్రొత్త పక్షము వారందరును ఓడిపోయిరి. ఆమె యొక్కతె మాత్రము 564 ఓట్ల యాధిక్యముతో బయటపడెను. తెల్లవా రెన్నుకొనిన 156 స్థానములలో 105 నేషనల్ పార్టీకిని, 49 యునైటెడ్ పార్టీకిని దక్కెను. ప్రోగ్రెసివ్ పార్టీకి ఒక్కటి. 1974 వరకు ఈ స్థితియే సాగెను. సలహా చెప్పు సహచరుడు లేడు. మాటలాడి యలసినప్పుడు అందుకొనువాడు లేడు. ప్రతి శాసనమును, ప్రతి శాఖను ఆమెయే చదువుకొనవలెను.

4. ఒక్క ఓటు

1963వ సంవత్సరమున న్యాయమంత్రి వోర్‌స్టర్ సభయందొక బిల్లును ప్రవేశపెట్టెను. దానిప్రకారము పోలీసు అధికారి అనుమానమాత్రముచే ఎవరినైనను వారంటు లేకుండ పట్టుకొని, తొంబది దినములు ఏకాంత నిర్బంధములో నుంచవచ్చును. వకీలు చూడరాదు, న్యాయస్థానము విడిపింపరాదు. తొంబది దినములు గడచిన పిమ్మట మరల పట్టుకొనుటకును అడ్డులేదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఈ వోర్‌స్టరే విచారణ లేకుండ నిర్బంధ శిబిరములో నుంచబడినవాడు. తాననుభవించిన యన్యాయమును ఇతరులకు చేయుటకు అతడు వెనుదీయలేదు.

పెద్ద ప్రతిపక్షము కొన్ని యాక్షేపణలు చెప్పుచునే బిల్లు మూలసూత్రమునకు సమ్మతించెను. ఓటువేళ సభయంతయు ఒకవైపు, హెలెన్ సుజ్మన్ ఒక్కతె మరియొకవైపు. బిల్లు నెగ్గెను. 1965లో నూట యెనుబది దినముల నిర్బంధము వచ్చెను. 1967లో కాలపరిమితియే లేని నిర్బంధమునకు శాసనము వచ్చెను. అప్పుడును ఆమె యొక్కతెయే కాదనెను.

ఒక్క ఓటుతో నేమి సాధింపబడెనని విద్యార్థులడుగవచ్చును. శాసనము ఆగలేదు, నిజమే. అయినను, దేశమంతయు దీనికి సమ్మతించినదని చెప్పుకొను హక్కు ప్రభుత్వమునకు ఆనాటితో పోయెను. అంతకు మించి, నెగ్గిన శాసనము ఎట్లమలగుచున్నదో లెక్క యడుగుటకు ఒక మనిషి మిగిలెను.

5. ప్రశ్నల పరంపర

ఆమె చేతి ముఖ్యాయుధము ఉపన్యాసము గాదు, ప్రశ్న. ఈ యేడు విచారణ లేకుండ నెందరిని నిర్బంధించితిరి? వారిలో స్త్రీలెందరు? పిల్లలెందరు? పాసు నేరమునకు ఎందరు శిక్షింపబడిరి? ఎందరికి కొరడాదెబ్బలు? ఎందరికి ఉరి? నిర్బంధములో చనిపోయినవారెవరు, ఏ కారణమున? ఇల్లు పడగొట్టి తరలించిన కుటుంబము లెన్ని? ఇట్టివి సమావేశము వెంట సమావేశము, సంవత్సరము వెంట సంవత్సరము అడుగుచునే యుండెను.

ఇవి చూచుటకు ఎండిన అంకెలు. కాని ఆ దేశపు పరిస్థితి నెరిగిన వారికి వీని విలువ తెలియును. చెరసాలలను గూర్చి సరియైన రుజువులేని సంగతి ప్రకటించుట నేరమని 1959లో శాసనము చేసిరి. ఆ భయముచే పత్రికలు నోరుమూసికొనెను. మంత్రి తన నోటనే సభలో అంకె చెప్పినప్పుడు మాత్రము దానిని కాదనువారెవరు? పాసు నేరములకు లక్షలకొలది జనము ఏటేట న్యాయస్థానముల కీడ్వబడుచున్నారను సంగతి ప్రపంచమునకు రుజువుతో తెలిసినది చాలవరకు ఇట్టి జవాబులవలననే. పండితులు, పత్రికలవారు, విదేశములలోని స్నేహితులు ఆ జవాబుల నాధారము చేసికొనిరి.

ఒకమారు మంత్రి కోపించి, ఆమె ప్రశ్నలవలన దేశమునకు విదేశములలో తలవంపులు కలుగుచున్నవని నిందించెను. తలవంపులు తెచ్చునవి తన ప్రశ్నలు కావనియు, మంత్రిగారి జవాబులేననియు ఆమె బదులుచెప్పెను. ప్రశ్నాధికారమును గూర్చి ఇంతకంటె క్లుప్తమైన వ్యాఖ్యానము మాకు కనబడలేదు.

ఆమె పని చూడగా ఒక క్రమము కనబడుచున్నది. ఎవరో యొక తల్లి, ఎవరో యొక ఖైదీ భార్య జాబు వ్రాయును. ఆ దేశమున ఓటులేని జనులకు ఆమెయే తమ సభ్యురాలు. ఆమె విషయమును విచారించును. వీలైన చోటికి స్వయముగా పోయి చూచును. పిమ్మట ప్రశ్నగా మలచును. నల్లవారి పేటలను, చెరసాలలను, తరలింపు స్థలములను కన్నులార చూడనిదే మాటలాడరాదని ఆమె నియమము. మంత్రులకును అదే సలహా నిచ్చుచుండెను.

దీనికి ఆమె చెల్లించిన వెల తక్కువది కాదు. టెలిఫోనులో తిట్లు, బెదిరింపు జాబులు, సభలో ఆమె పుట్టుకను గూర్చియు, ఆడుదగుటను గూర్చియు ఎగతాళి మాటలు, ఇవి నిత్యకృత్యములు. 1966 సెప్టెంబరు 6వ తేదీన ప్రధానమంత్రి వెర్‌వోర్డ్ సభలోనే హత్యచేయబడినప్పుడు, రక్షణమంత్రి పి. డబ్ల్యు. బోథా ఆమెవైపు వ్రేలు చూపి, ఇది మీవంటివారి పనియేయని యరచెను. ఆమె స్పీకరుకు ఫిర్యాదుచేసి, క్షమార్పణ చెప్పించుకొనిన పిదపనే ఊరకుండెను. ఎదిరికి కోపము వచ్చినప్పుడు తానును కేకలు వేయక, సభా నియమమునే ఆశ్రయించుట ఇందు గమనింపదగినది.

6. రాబెన్ ద్వీపము

1967లో అనుమతి సంపాదించి ఆమె రాబెన్ ద్వీపపు చెరసాలను చూడబోయెను. రాజకీయ ఖైదీలను వరుసగా గదులలో నిలిపిరి. మొదట పలుకరింపబడినవారు తమ మాట చెప్పుకొనక, చివరి గదిలోని మండేలాతో మాటలాడుడని పంపిరి. అధికారులు ప్రక్కనే నిలిచియుండిరి. అయినను మండేలా భయపడక, తిండి, బట్టలు, చదువుకొను వసతి, కఠినమగు పని, వీనిని గూర్చి వరుసగా చెప్పెను. చేతిపై నాజీల స్వస్తిక చిహ్నమును పచ్చబొట్టు పొడిపించుకొనిన యొక కావలివాడు ఖైదీలను బాధించుచున్నాడనియు తెలిపెను.

ఆమె తిరిగి వచ్చి ఆ సంగతిని అధికారులయెదుట పెట్టెను. సభలో నెత్తవలసివచ్చునని వారికిని తెలియును. కొలదికాలములోనే ఆ కావలివాడు ద్వీపమునుండి మార్చబడెను. ఖైదీల స్థితియు క్రమముగా కొంత మెరుగుపడెను. రాయిగొట్టు ఖైదీకి ఒక దుష్టుని పీడ తొలగుట చిన్నవిషయము కాదు. శాసనమును మార్చలేని ఒక్క ఓటు ఒక మనుష్యుని దినమును మార్చగలిగెను.

రాబర్ట్ సొబుక్వే చరిత్ర దీనికి రెండవ ప్రక్క. ఈయనయు హీల్డ్‌టౌన్ మిషను పాఠశాల విద్యార్థి, గొప్ప భక్తిపరుడు. పాసుశాసనముల నెదిరించినందుకు 1960లో మూడేండ్ల శిక్ష పడెను. 1963లో శిక్ష ముగిసినది. కాని విడుదల కాలేదు. శిక్ష ముగిసినవానిని సైతము ఉంచుకొనుటకు ఆ యేటి శాసనములో ఒక ప్రత్యేక నిబంధన చేర్చిరి. దానిని ఏటేట సభ పొడిగింపవలెను. ప్రతి సంవత్సరమును హెలెన్ సుజ్మన్ లేచి, ఏ నేరమునకని యడుగుచుండెను. ప్రతి సంవత్సరమును సభ పొడిగించుచుండెను. 1969లో ఆయన ద్వీపము విడిచెను. కాని కింబర్లీ పట్టణములో ఆంక్షలకు లోబడియే 1978లో మరణించెను. ప్రశ్న ప్రతిసారియు ఫలించునని మేము చెప్పుట లేదు.

7. ఆక్షేపణలు

ఆమె నాక్షేపించినవారును గలరు. తెల్లవారికి మాత్రమే చోటున్న సభలో కూర్చుండుటయే ఆ సభకు గౌరవము తెచ్చుట కాదాయని కొందరనిరి. ఆమె పక్షము మొదట చదువు, ఆస్తి గల నల్లవారికే ఓటు నియ్యవలెననెను. అందరికిని ఓటను సిద్ధాంతమునకు 1978లోగాని రాలేదు. దక్షిణాఫ్రికాతో వర్తకము మానవలెనను విదేశపు టుద్యమమును ఆమె యంగీకరింపలేదు; దానివలన బీదలే యాకలిపడుదురని ఆమె వాదించెను. ఈ యాక్షేపణలు తీసివేయదగినవి కావు. చెరసాలలో నుండి పోరాడినవారి త్యాగముతో సభలో కూర్చుండినవారి శ్రమను సమానము చేయుటయు న్యాయము కాదు. అయినను ఆ సభ తలుపు తెరచియుండినంతకాలము లోపలికిపోయి యడుగువారొకరు కావలెను. చెరసాలలోనివారే ఆమె రాకకు ఎదురుచూచిరి. మండేలా విడుదలయైన పిమ్మటను ఆమెను గౌరవించెను.

1974 ఎన్నికలలో ఆమె పక్షమువారు మరికొందరు గెలిచి, ఒంటరితనము తీరెను. 1986లో పాసుశాసనములు రద్దయ్యెను. ముప్పదియారేండ్లు సభలో నుండి 1989లో ఆమె విరమించెను. 1990లో మండేలా విడుదలయ్యెను. 1994లో రంగుతో నిమిత్తములేక అందరును ఓటు వేసిరి. 1996 డిసెంబరు 10వ తేదీన షార్ప్‌విల్‌లో క్రొత్త రాజ్యాంగముపై మండేలా సంతకము చేసినప్పుడు ఆమె సమీపమున నుండెను. 2009వ సంవత్సరము జనవరి 1వ తేదీన, తొంబదియొకటవ యేట, ఆమె కాలధర్మము నొందెను.

8. మనము గ్రహింపదగినది

లూకా సువార్త పదునెనిమిదవ అధ్యాయమున నొక ఉపమానము గలదు. దేవునికి భయపడని, మనుష్యులను లక్ష్యపెట్టని న్యాయాధిపతియొద్దకు ఒక విధవరాలు మాటిమాటికి పోయి న్యాయ మడిగెను. అతడు ఆమె రాక మాన్పలేక తుదకు న్యాయము తీర్చెను. ఆ విధవరాలికి ధనము లేదు, బలగము లేదు. విసుగు చెందకుండుట యొక్కటియే ఆమె బలము. సభలోని ఒంటరి సభ్యునికిని అదియే బలము.

విద్యార్థులు దీనినుండి నాలుగు సంగతులు నేర్వవచ్చును. మొదటిది, ప్రశ్న యడుగుటకు ముందు విషయము తెలిసికొనవలెను. తెలియక యడిగినది ప్రశ్న కాదు, గొడవ. రెండవది, ప్రశ్న సూటిగా నుండవలెను: ఎందరు, ఎప్పుడు, ఎవరి యాజ్ఞచే? ఉపన్యాసము వంటి ప్రశ్నకు ఉపన్యాసమే జవాబుగా వచ్చును. మూడవది, వ్యక్తిని దూషింపక కార్యమును విమర్శింపవలెను. నాల్గవది, జవాబు రానియెడల మరల నడుగవలెను.

తలిదండ్రులకును ఒక మనవి. ఇంటిలో బిడ్డ యడిగిన ప్రశ్నకు గద్దింపే జవాబైనచో, ఆ బిడ్డ పెరిగి అధికారి యెదుట నోరు విప్పునా? ఉపాధ్యాయులమగు మేమును తరగతిలో ప్రశ్నను అవిధేయతగా నెంచరాదు. బడి పద్దు, సంఘపు పద్దు, గ్రామపు పద్దు, ఏదైనను సరే, లెక్క మర్యాదతో నడుగువాడు శత్రువు కాడు. లెక్క సరిగానున్నవానికి అతనివలన భయము లేదు. సరిగాలేనివానికి అతనివలన దిద్దుకొనుట కవకాశము కలుగును.

మన శాసనసభలలో ప్రతిపక్షపు బల్లలపై కూర్చుండువారు కొందరో పలువురో యుందురు. వారిని కేవలము ఓడినవారని తలంపరాదు. ఓటువేసినవారి తరఫునను, ఓటులేనివారి తరఫునను లెక్క యడుగుట వారి కొప్పగింపబడిన పని. ఆ పనిని వారు శ్రద్ధతో చేయుచున్నారా యని కనిపెట్టియుండుట, నేడు బల్లలపై కూర్చుండి యీ పాఠము చదువు మీరు పెద్దవారైన నాడు చేయవలసిన పని.